బీఓటీ తర్వాత ఏ విభాగం? విశాఖపట్నంలో ఉండి ఎంచుకునేవారికి ఒక పోలిక

నాలుగేళ్ళ చదువు, ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్ అయ్యాక బీఓటీ (బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ) చేతికొస్తుంది. జబ్బు, గాయం, వైకల్యం ఉన్నవాళ్ళు తమ రోజువారీ పనులు చేసుకోగలిగేలా చేసే చికిత్స ఇది. ఎదురుగా పిల్లల విభాగం, న్యూరో, హ్యాండ్ థెరపీ, మానసిక ఆరోగ్యం, పరిశ్రమలు, వృద్ధుల సంరక్షణ అని చాలా దారులు కనిపిస్తాయి. వైజాగ్‌లో చాలామంది విషయంలో ఎంపిక దానంతటదే జరిగిపోతుంది. ముందుగా ఫోన్ చేసి రమ్మన్నది ఏదో పిల్లల థెరపీ సెంటర్ అవుతుంది. ఖాళీగా ఉండటం ఎందుకని చేరతారు. రెండేళ్ళు గడిచేసరికి పెద్దవాళ్ళ కేసు చూడాలంటే చెయ్యి రాదు. అప్పటికి అది ఇష్టపడి తీసుకున్న విభాగమో, అలవాటైపోయిన విభాగమో తేల్చుకోవడం కష్టం.

విభాగాలను పోల్చేటప్పుడు అందరూ జీతం, విదేశీ అవకాశం చూస్తారు. వాటికంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది: మీరు చేసిన పొరపాటు ఎన్నాళ్ళకు బయటపడుతుంది? హ్యాండ్ థెరపీలో అది నిమిషాల్లో, రోజుల్లో తెలిసిపోతుంది. న్యూరోలో వారాలు, నెలలు పడుతుంది. పిల్లల దగ్గర ఆర్నెల్లో ఏడాదో పడుతుంది, పైగా బిడ్డ వయసుతో పాటు సహజంగా నేర్చుకున్నది కూడా మన థెరపీ ఫలితంలా కనిపిస్తుంది. మానసిక ఆరోగ్యంలో ఏళ్ళు పట్టవచ్చు. పొరపాటు ఆలస్యంగా తెలిసే చోట, రోజూ మీ పని చూసి దిద్దే సీనియర్ ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్టు) తప్పకుండా కావాలి. మన దగ్గర జరుగుతున్నది దీనికి తలకిందులు. కొత్తవాళ్ళు ఎక్కువగా చేరేది పిల్లల సెంటర్లలో. ఆ సెంటర్లలో కొన్నింట్లో వాళ్ళే మొదటి ఓటీ, వాళ్ళే ఆఖరి ఓటీ. కింద రాసిన పోలికంతా ఈ ఒక్క కొలత మీదే నడుస్తుంది.

హ్యాండ్ థెరపీ: త్వరగా నేర్పుతుంది, ఉద్యోగం త్వరగా ఇవ్వదు

గాజువాక ఆటోనగర్‌లో ప్రెస్సింగ్ మిషన్లు, షిప్‌యార్డులో గ్రైండింగ్, ఫిషింగ్ హార్బర్‌లో తాళ్ళూ వించీలూ, ఊరంతా అపార్ట్‌మెంట్ల నిర్మాణం. వేళ్ళు నలిగిన, తెగిన, కాలిన కేసులకు ఈ ఊళ్ళో కొదవ లేదు. సర్జన్ కుట్టు వేసి పంపిన తర్వాత ఆ చెయ్యి మళ్ళీ పనికొస్తుందా లేదా అన్నది చాలావరకు తర్వాతి పన్నెండు వారాల మీద ఆధారపడుతుంది.

అరచేతి వైపు, జోన్ 2లో (అరచేతి పైభాగం నుంచి వేలి నడిమి కణుపు దాకా) ఫ్లెక్సర్ టెండన్, అంటే వేలిని వంచే నరంలాంటి తాడు, తెగి కుట్లు పడిన కేసు తీసుకోండి. సర్జన్‌తో మాట్లాడి మూడో రోజు నుంచి ఐదో రోజు లోపు మొదలుపెట్టాలి. చేతి వెనకవైపు, వేళ్ళు పూర్తిగా వెనక్కి చాచుకోకుండా ఆపే బ్లాకింగ్ స్ప్లింట్ వేస్తాం: మణికట్టు 20 నుంచి 30 డిగ్రీలు వంచి, వేళ్ళ మొదటి కణుపులు 50 నుంచి 70 డిగ్రీలు వంచి, పై రెండు కణుపులు తిన్నగా స్ప్లింట్‌కు ఆనేలా. ఇది దాదాపు ఆరు వారాలు ఉంటుంది. బరువు పనులు పన్నెండు వారాల దాకా వద్దు. చెడిపోయేది సాధారణంగా రెండు చోట్ల. పట్టీ వదులై వేలు స్ప్లింట్ లోపల వంగి ఉండిపోతే నడిమి కణుపు అలాగే బిగుసుకుపోతుంది. రెండోది, పేషెంట్ స్నానానికి స్ప్లింట్ తీసి అదే చేత్తో బకెట్ ఎత్తడం. కుట్టు ఇంకా బలహీనంగా ఉండే మొదటి మూడు వారాల్లో ఇలా చేస్తే టెండన్ తెగుతుంది. వేలు ఒక్కసారిగా వంగడం మానేస్తుంది, మళ్ళీ ఆపరేషన్ థియేటరే. అందుకే స్ప్లింట్ ఎలా వేసుకోవాలో ఒక్కటే చెప్పి పంపకూడదు. స్నానం ఎలా చేయాలో, ఆ చేతికి ప్లాస్టిక్ కవర్ ఎలా కట్టాలో, బకెట్ ఎవరు ఎత్తాలో కూడా ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి చెప్పాలి.

స్ప్లింట్ తయారీలో నేర్పేది షీట్ కంటే కాగితం. ముందు కాగితం మీద ప్యాటర్న్ గీసి చేతి మీద పెట్టి చూసి, అప్పుడే షీట్ కోయాలి. థర్మోప్లాస్టిక్ (వేడి నీళ్ళలో మెత్తబడే ప్లాస్టిక్ షీట్) ఖరీదైన సరుకు, ఒక్క తప్పు కోత అంటే డబ్బు నేల పాలే. ముంజేతి స్ప్లింట్‌కు సాధారణంగా 3.2 మిల్లీమీటర్ల మందం, వేలికి 1.6 లేదా 2.4. నీళ్ళు 65 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. స్ప్లింట్ పొడవు ముంజేతిలో మూడింట రెండు వంతులు, చుట్టుకొలతలో సగం. వేళ్ళు మొదటి కణుపుల దగ్గర వంగాల్సిన స్ప్లింటయితే అరచేతి మడత ముందే ఆగాలి. వేసిన తర్వాత ఇరవై ముప్పై నిమిషాలు కూర్చోబెట్టి, తీసి చర్మం చూడండి. ఎర్రమచ్చ ఇరవై నిమిషాల్లో పోకపోతే అక్కడ మళ్ళీ వేడిచేసి సరిచేయాలి, ముఖ్యంగా చిటికెన వేలి వైపు మణికట్టు ఎముక మీద. మీరు చేసిన పని సరైందో కాదో అరగంటలో చర్మమే చెప్పే విభాగం ఇంకొకటి లేదు.

మన ఊరి ఉక్కపోత పాఠ్యపుస్తకాల్లో ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో స్ప్లింట్ కింద చెమట నిలిచి చర్మం నాని ఊడుతుంది. కింద వేసుకునే నూలు స్టాకినెట్ (గొట్టంలాంటి సాగే గుడ్డ) రెండు జతలు ఇవ్వండి, రోజూ మార్చమనండి. స్ప్లింట్‌ను స్కూటర్ డిక్కీలో, ఎండలో నిలిపిన కారులో పెట్టొద్దని చెప్పకపోతే మర్నాడు అది మెలి తిరిగి మీ ముందుకొస్తుంది.

ఇబ్బంది ఉద్యోగాల దగ్గర. పూర్తిస్థాయి హ్యాండ్ యూనిట్లు తక్కువ. రిఫరల్స్ ప్లాస్టిక్ సర్జన్, ఆర్థో సర్జన్ అలవాటు మీద ఆధారపడతాయి. రోజుకూలీ పేషెంట్ రెండుసార్లు వచ్చి మూడోసారి రాడు, ఎందుకంటే వచ్చిన రోజు కూలి పోతుంది. కాబట్టి హ్యాండ్ ఒక్కదానితోనే బతకాలనుకోకుండా ఆర్థో లేదా న్యూరోతో కలిపి చేయండి. సర్జన్‌కు పంపే నోట్ ఒక్క పేజీ దాటకూడదు: ఒక్కో కణుపు ఎన్ని డిగ్రీలు వంగింది, ఎన్ని డిగ్రీలు తిన్నగా రాలేదు, పేషెంట్ సొంతంగా చేయగల కదలిక అన్ని కణుపులూ కలిపి మొత్తం ఎంత. మామూలు వేలికి ఆ మొత్తం 260 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. వారం వారం ఆ అంకె పెరుగుతున్నట్టు కాగితం మీద కనిపిస్తే తర్వాతి కేసు పంపడానికి సర్జన్‌కు వేరే కారణం అక్కర్లేదు.

పిల్లల విభాగం: ఉద్యోగాలు ఇక్కడే, జాగ్రత్త కూడా ఇక్కడే

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, ఏడీహెచ్‌డీ, రాతలో ఇబ్బంది. ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా థెరపీ సెంటర్లున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుక నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని పరీక్షించి జిల్లా ముందస్తు చికిత్సా కేంద్రాలకు పంపే ఏర్పాటు కూడా ఉంది. చదువు అవగానే ఉద్యోగం కావాలంటే ఇదే దారి. ఆ మాట చెప్పడానికి మొహమాటం లేదు, కానీ షరతులతో వెళ్ళండి.

మొదటి షరతు, లక్ష్యం అంకెల్లో ఉండాలి. “ఏకాగ్రత పెరగాలి” అని రాస్తే ఆర్నెల్ల తర్వాత పెరిగిందనీ అనొచ్చు, లేదనీ అనొచ్చు. “పది ముద్దల్లో ఆరు ఒలక్కుండా నోటికి చేరాలి, ఎనిమిది వారాల్లో” అని రాస్తే మీకే తెలుస్తుంది. చేరకపోతే ఎనిమిదో వారం చివర పద్ధతి మార్చాలి. ఆలస్యంగా బయటపడే పొరపాటును ముందుగా బయటికి లాగే మార్గం ఇదొక్కటే. రోజుకు ఆరేడు సెషన్లు దాటితే ఈ రాతకు టైం ఉండదు. పది పన్నెండు మంది పిల్లల్ని వెంటవెంటనే ఇచ్చే చోట మీరు నేర్చుకునేది ఓపిక మాత్రమే.

రెండోది, పరీక్షలూ పద్ధతులూ మన ఇళ్ళకు సరిపోవాలి. బయటి నుంచి వచ్చిన స్కేళ్ళలో (అంచనా పరీక్షల్లో) ఫోర్కు, కత్తి, బూట్ల లేసు ఉంటాయి. మన బిడ్డకు కావాల్సింది పప్పన్నం కలుపుకోవడం, ముద్ద చేసి వేళ్ళ చివర్లతో ఎత్తడం, నిక్కరు బొత్తాం పెట్టుకోవడం, చెంబుతో నీళ్ళు పోసుకుని కడుక్కోవడం. రాత కూడా అంతే. ఇంగ్లిష్ అక్షరాల కోసం తయారైన రైటింగ్ ప్రోగ్రాములు నిలువు గీత, అడ్డ గీతలతో మొదలవుతాయి. తెలుగు అక్షరం గుండ్రన. చెయ్యి ఎత్తకుండా తిరిగే వంపులు, మలుపు దగ్గర దిక్కు మార్చడం, తలకట్టు విడిగా పెట్టడం, వత్తు గీత కింద పట్టేలా చోటు వదలడం కావాలి. ఇంగ్లిష్ మీడియం స్కూల్లో చదివే పిల్ల ‘డి’ బాగా రాసి, ‘ఒత్తు’ దగ్గర ఏడుస్తుంటే సమస్య వేళ్ళ బలంలో ఉండకపోవచ్చు, కింది వరసను చూసి చోటు అంచనా వేయడంలో ఉండవచ్చు. ఈ తేడా పట్టగలిగేది తెలుగు రాసే థెరపిస్టే. ఇక్కడ మీకున్న బలం ఇది, వదులుకోకండి.

మూడోది సెన్సరీ ఇంటిగ్రేషన్. స్పర్శ, కదలిక లాంటి ఇంద్రియాల సమాచారాన్ని మెదడు ఎలా కలుపుకుంటుందన్న దాని మీద జీన్ ఏయర్స్ అనే ఓటీ కట్టిన సిద్ధాంతం ఇది. ఇవాళ ఊయల ఎక్కించినా అదే పేరు, బ్రష్షుతో రుద్దినా అదే పేరు. అసలు పద్ధతిని నిజాయితీగా పాటించాలంటే వేలాడే పరికరాలకు కనీసం మూడు హుక్కులు, వాటి మధ్య రెండున్నర నుంచి మూడడుగుల దూరం, పూర్తిగా గుండ్రంగా తిరిగే స్వివెల్, కింద మందపాటి మ్యాట్లు ఉండాలి. అద్దె ఫ్లాటులో ఫాల్స్ సీలింగ్‌కు హుక్కు బిగించి ఉంటే ఆ గదిలో ఊయల వాడొద్దు. ఊగుతున్నప్పుడు హుక్కు మీద పడే లాగుడు బిడ్డ బరువు కంటే చాలా ఎక్కువ. శ్లాబులోకి యాంకర్ దింపి స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో చూపించాలి. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఉప్పుగాలికి కారబైనర్లూ (తగిలించే కొక్కేలు) గొలుసులూ తొందరగా తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి, నెలకోసారి ఒక్కొక్కటీ విప్పి చూడండి. ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు పైకి చూడండి, సెంటర్ ఎలాంటిదో సగం అక్కడే తెలుస్తుంది.

నాలుగోది, థెరపీ కోసం ఆగకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాల్సిన కేసు. ఐదారు నెలల బిడ్డ నిద్ర లేవగానే వరసగా, కొన్ని సెకన్లకొకసారి తలా చేతులూ ముందుకు విదిలిస్తుంటే అది ఉలికిపాటు అనుకోకండి. ఇన్ఫాంటైల్ స్పాజమ్స్ (పసిపిల్లల్లో వచ్చే ఒక రకం మూర్ఛ) కావచ్చు. ఫోనులో వీడియో తీయించి అదే రోజు పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి పంపాలి, థెరపీ తర్వాత చూసుకోవచ్చు. సెరిబ్రల్ పాల్సీలో నడవలేని పిల్లల తుంటి కీలు మెల్లగా జారవచ్చు. ఒక కాలు పొట్టిగా కనిపించినా, డైపర్ మార్చేటప్పుడు తొడ తెరుచుకోకపోయినా సాగదీస్తూ పోకుండా ఎక్స్‌రే అడగండి. ఇవి సీనియర్ పక్కనుంటే మొదటి నెలలోనే నేర్చుకుంటారు. లేకపోతే ఎవరో ఒక బిడ్డ ఖర్చు మీద నేర్చుకుంటారు.

తల్లిదండ్రులకు డబ్బు భారం గురించి కూడా తెలిసి ఉండాలి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవారికి ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, అందులో థెరపీ ఖర్చుకూ వాటా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సదరం సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలో చెప్పగలిగిన థెరపిస్టును కుటుంబాలు మర్చిపోవు.

న్యూరో: మొదటి ఏడాదికి మా ఓటు

పక్షవాతం, తలకు గాయం, వెన్నుపూస దెబ్బ. కేజీహెచ్, విమ్స్ లాంటి పెద్ద ఆస్పత్రులున్న ఊరు కాబట్టి, శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూడా కేసులు ఇక్కడికే వస్తాయి. పెద్దవాళ్ళ న్యూరోలో ఒక్క పేషెంట్ దగ్గరే చెయ్యి, చూపు, జ్ఞాపకం, మూడ్, బాత్రూం, వంటగది అన్నీ ఎదురవుతాయి. ఇక్కడ కుదురుకున్నవారు తర్వాత ఏ విభాగానికైనా వెళ్ళగలరు.

ఇక్కడి పొరపాట్లు కొన్ని చిన్నవిగా కనిపించి పెద్ద నష్టం చేస్తాయి. పక్షవాతం వచ్చిన చేతిని అటెండర్ చంక కింద చెయ్యి పెట్టి లేపడం వల్ల జారిన భుజం నొప్పి మొదలై, ఆ నొప్పితో పేషెంట్ చెయ్యి ముట్టుకోనివ్వడు. ఇంట్లోవాళ్ళకు మొదటి రోజే లేపే పద్ధతి నేర్పాలి. మెడ దగ్గర సీ6 (వెన్నుపాము ఆరో నరం) స్థాయిలో దెబ్బ తగిలిన వ్యక్తికి మణికట్టు పైకెత్తితే వేళ్ళు వాటంతటవే ముడుచుకుని గ్లాసు పట్టుకునే వీలుంటుంది. ‘వేళ్ళు బిగుసుకున్నాయి’ అని మణికట్టు వెనక్కి వంచి వేళ్ళను కూడా సాగదీస్తే ఆ పట్టు పోతుంది, జీవితాంతం పోతుంది. మణికట్టు వంచినప్పుడే వేళ్ళు చాపాలి, మణికట్టు ఎత్తినప్పుడు వేళ్ళు ముడవాలి. వార్డులో ఫిజియోకూ, నర్సుకూ, అమ్మకూ అందరికీ ఇది తెలిసేలా మంచం పక్కన రాసి అంటించండి.

బాగున్న చేతిని కట్టేసి పడిపోయిన చేత్తోనే పని చేయించే కన్‌స్ట్రెయింట్ పద్ధతి పేరు బాగా వినిపిస్తుంది. మూల పద్ధతిలో రోజుకు ఆరు గంటలు, రెండు వారాలు చేయిస్తారు. మణికట్టు కనీసం 20 డిగ్రీలు, వేళ్ళు 10 డిగ్రీలు సొంతంగా పైకి లేవగలిగిన వాళ్ళకే అది పనికొస్తుంది. అసలు కదలికే లేని చేతికి ఇది చేస్తే మిగిలేది విసుగు, పడిపోయే ప్రమాదం.

మన ఇళ్ళలో ఓటీ పని ఎక్కడుందంటే కుడిచేతి పక్షవాతంలో. కుడిచెయ్యి తినడానికి, ఎడమచెయ్యి కడుక్కోవడానికి అని పెరిగిన మనిషిని ఎడమచేత్తో అన్నం తినమంటే, చాలామంది తినరు. ఎవరైనా తినిపించేదాకా కూర్చుంటారు. ‘సహకరించడం లేదు’ అని కేస్ షీట్లో రాసేముందు అడిగి చూడండి. చెంచా పిడి లావు చేసి కుడిచేతికే తగిలించవచ్చు, కడుక్కోవడానికి జెట్ స్ప్రే పెట్టవచ్చు, అప్పుడు ఎడమచేత్తో తినడానికి ఒప్పుకునేవాళ్ళుంటారు. ఇది ఏ స్కేలూ అడగని ప్రశ్న.

ఇంటికి వెళ్ళి చూడటం ఈ విభాగంలో సగం పని. వీల్‌చైర్‌కు తలుపు 32 అంగుళాలైనా తెరుచుకోవాలి, మన ఫ్లాట్లలో బాత్రూం తలుపులు చాలాచోట్ల అంతకంటే ఇరుకు. వాలుబల్ల ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు ఉండాలి, అంటే వన్‌టౌన్ పాత ఇళ్ళలో అడుగున్నర అరుగు ఎక్కాలంటే పద్దెనిమిది అడుగులు. వీధిలో అంత చోటు ఎక్కడిది? అప్పుడు వాలుబల్ల మానేసి మెట్లకు రెండువైపులా పట్టుకునే కడ్డీ, లేదా ముందు గదిలోనే మంచమూ కమోడ్ కుర్చీ అని ఆలోచించాలి. హోమ్ విజిట్లతో సంపాదన బాగుంటుందని చాలామంది దిగుతారు. గాజువాకలో ఒకటి, మధురవాడలో ఒకటి ఒప్పుకుంటే రోజులో సగం హైవే మీదే పోతుంది. రోజుకు నాలుగే పెట్టుకోండి, నాలుగూ ఒకే వైపున ఉండేలా చూసుకోండి.

మానసిక ఆరోగ్యం

మన వృత్తి మూలాల్లో ముఖ్యమైనది ఇక్కడే ఉంది, కొత్తవాళ్ళు అన్నిటికంటే తక్కువ వెళ్ళేదీ ఇక్కడికే. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్న ఊరు మనది. ప్రైవేటులో డీ అడిక్షన్ కేంద్రాలున్నాయి. ఓటీ అనే పేరుతో పోస్టులు తక్కువ, జీతం కూడా తక్కువ మొదలవుతుంది.

ఇక్కడ మామూలుగా జరిగే తప్పు, అందరి చేతా కొవ్వొత్తులో కాగితం సంచులో చేయించడం. స్కిజోఫ్రేనియాకు ముందు పూర్ణా మార్కెట్లో కిరాణా లెక్కలు చూసిన మనిషికి సంచులు అతికించే పని ఇస్తే, అతను చేస్తాడు కానీ ఇంటికి వెళ్ళాక అది ఎందుకూ పనికిరాదు. అతనికి చిన్న జాబితా, తూకం, చిల్లర లెక్క, ఒక గంట నిలబడి ఉండే ఓర్పు కావాలి. రెండో తప్పు పని చేసినందుకు బహుమతిగా ఇచ్చే టోకెన్లు: వార్డులో స్నానం చేస్తే టోకెన్, ఇంట్లో టోకెన్ లేదు, స్నానమూ లేదు. డిశ్చార్జికి రెండు వారాల ముందు నుంచి టోకెన్లు తగ్గిస్తూ ఆ పనిని ఇంటి దినచర్యలో దేనికో తగిలించాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హాఫ్‌వే హోమ్‌లూ (ఆస్పత్రికీ ఇంటికీ మధ్య ఉండే నివాసాలు), ఆసరాతో కూడిన నివాసాలూ ఉండాలంటుంది, వాటిని నడపడం తెలిసిన ఓటీలు కావాలి. ఈ దారి పట్టాలనుకుంటే ముందు బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట పునరావాస విభాగం పని దగ్గరగా చూసి రండి. ఫలితం చూడటానికి ఏడాది, రెండేళ్ళు ఆగగలిగిన స్వభావం ఉంటేనే.

పరిశ్రమలు, వృద్ధులు, కేన్సర్

స్టీల్ ప్లాంటు, పోర్టు, రిఫైనరీ, పరవాడ ఫార్మా ఉన్న ఊళ్ళో ఎర్గనామిక్స్ (పనిని ఒంటికి అనువుగా మార్చడం) వైపు అవకాశం ఉంది, కానీ అక్కడ మిమ్మల్ని ఓటీ అని పిలవరు, సేఫ్టీ విభాగంలో భాగంగా చూస్తారు. బరువులెత్తే పనికి నియోష్ (అమెరికా వృత్తి భద్రతా సంస్థ) సమీకరణం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు 23 కిలోలతో మొదలవుతుంది. పట్టు సరిగ్గా లేకపోయినా, ఒళ్ళు తిప్పాల్సి వచ్చినా ఆ అంకె తగ్గుతూ పోతుంది. దీన్ని చేత్తో లెక్క కట్టడం వచ్చి, ఇండస్ట్రియల్ సేఫ్టీలో డిప్లొమా కూడా ఉంటే మాట వింటారు. మొదటి ఉద్యోగంగా వద్దు. హ్యాండ్ లేదా న్యూరోలో రెండేళ్ళ తర్వాత ఇటు రావడం మేలు. పరికరాల తయారీ మీద ఆసక్తి ఉంటే పెదగంట్యాడ దగ్గరి మెడ్‌టెక్ జోన్‌ను ఒకసారి చూడండి.

పిల్లలు విదేశాల్లో ఉండి అమ్మానాన్నలు ఒంటరిగా ఉన్న ఇళ్ళు పెరుగుతున్నాయి. పడిపోకుండా ఇల్లు సరిచేయడం, మతిమరుపు ఉన్నవారి దినచర్య, ఇవి న్యూరో హోమ్ విజిట్లతోనే కలిసి వస్తాయి. అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది. రొమ్ము ఆపరేషన్ తర్వాత చేతి వాపుకు కట్టే బ్యాండేజింగ్ విడిగా నేర్చుకోవాల్సిన విద్య, చూసి కట్టేది కాదు.

ఎంఓటీ, చిన్న కోర్సులు, విదేశాలు

ఎంఓటీ (ఓటీలో మాస్టర్స్) రెండేళ్ళు. మనకు దగ్గర్లో కటక్ పక్కన ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది, హౌరా లైన్లో ఒక రాత్రి ప్రయాణం. వేలూరు సీఎంసీ, మణిపాల్, కోల్‌కతాలోని జాతీయ లోకోమోటర్ వైకల్యాల సంస్థ, ముంబైలోని అఖిల భారత ఫిజికల్ మెడిసిన్, పునరావాస సంస్థ (ఏఐఐపీఎంఆర్) మిగతావి. బీఓటీ అవగానే ఎంఓటీకి వెళ్ళడం కంటే ఏడాదిన్నర పని చేసి వెళ్ళడం మంచిదని మా అభిప్రాయం, ఎందుకంటే అప్పుడు ఏం నేర్చుకోవాలో మీకు తెలిసి ఉంటుంది. ప్రభుత్వ కొలువు, బోధన లక్ష్యమైతే మాత్రం ఆలస్యం చేయకండి. సీటు తీసుకునేముందు ఆ విభాగంలో రోజుకు ఎన్ని కేసులొస్తాయో అక్కడ చదువుతున్న విద్యార్థిని అడగండి, ప్రాస్పెక్టస్‌ను కాదు.

వారాంతపు కోర్సుల సర్టిఫికెట్లు గోడకు బాగుంటాయి. కేసు మీద మీ చెయ్యి చూసి దిద్దని కోర్సుకు డబ్బు కట్టకండి. మొదటి ఏడాది ఒక్క కోర్సు చాలు.

విదేశాల విషయంలో అపోహ ఒకటుంది, ఫలానా విభాగం చేస్తే వీసా త్వరగా వస్తుందని. లైసెన్సు విభాగానికి ఇవ్వరు, ఓటీగా ఇస్తారు. అమెరికాకు బీఓటీ ఒక్కటే సరిపోదు, మాస్టర్స్ స్థాయి చదువు, అర్హత పరిశీలన, ఆ తర్వాత అక్కడి ఓటీల అర్హత పరీక్ష ఎన్‌బీసీఓటీ. బ్రిటన్‌లో అక్కడి ఆరోగ్య వృత్తుల మండలి హెచ్‌సీపీసీలో నమోదు. ప్రపంచ ఓటీ సమాఖ్య గుర్తింపు ఉన్న కోర్సులో కనీసం 1000 గంటల క్లినికల్ పోస్టింగ్ ఉండాలి. మీ కాలేజీకి ఆ గుర్తింపు ఉందా, గంటల లెక్క సంతకంతో మీ దగ్గర ఉందా చూసుకోండి. సిలబస్ కాపీ, లాగ్‌బుక్ కాలేజీ వదిలే రోజే స్కాన్ చేయండి. ఐదేళ్ళ తర్వాత అడిగితే సంతకం పెట్టే మాస్టారు అక్కడ ఉండకపోవచ్చు. 2021 అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కింద రాష్ట్ర మండలిలో నమోదు కూడా వాయిదా వేయకండి.

ఎవరికి ఏది

ఇంటికి వెంటనే జీతం కావాలంటే పిల్లల సెంటరే, కానీ వారానికి ఒక గంటైనా సీనియర్ ఓటీ మీ సెషన్ చూసే చోటే. ఆ సీనియర్ అక్కడ లేకపోతే, మీ కాలేజీ మాస్టారితోనో పైఏడాది అక్కతోనో పదిహేను రోజులకోసారి రెండు కేసులు మాట్లాడే ఏర్పాటు చేసుకోండి, తల్లిదండ్రుల అనుమతితో, బిడ్డ పేరు చెప్పకుండా. ఆర్నెల్లు ఆగగలిగితే పెద్ద ఆస్పత్రిలో న్యూరో, ఆర్థో కలిసిన పోస్టు వెతకండి, జీతం కొంచెం తక్కువైనా. చేత్తో వస్తువు చేయడం ఇష్టమైనవాళ్ళు హ్యాండ్‌ను రెండో విభాగంగా పెట్టుకోండి. నడుం నొప్పి ఇప్పటికే ఉన్నవాళ్ళు ఒకటి ఆలోచించండి: పిల్లల దగ్గర రోజంతా నేల మీద కూర్చుని లేవాలి, న్యూరోలో మనిషి బరువును మంచం నుంచి కుర్చీకి మార్చాలి.

చేరేముందు ఒక పూర్తి రోజు కూర్చుని చూస్తామని అడగండి. ఒప్పుకోని చోటు వదిలేయండి. ఆ రోజు ఇవి గమనించండి: ఒక్కో థెరపిస్టుకు ఎన్ని సెషన్లు, మధ్యలో నోట్స్ రాసుకునే పది నిమిషాలు ఉన్నాయా, లక్ష్యాలు ఎవరు రాస్తున్నారు, కేస్ ఫైలులో మూడు నెలల నాటి అంకెకూ ఇవాళ్టి అంకెకూ తేడా కనిపిస్తుందా, థెరపిస్టు ‘ఈ కేసుకు మన థెరపీ అక్కర్లేదు’ అని చెప్పగలుగుతున్నారా. బాండ్ రాయమంటే ఎన్ని నెలలో, ముందే వెళ్తే ఎంత కట్టాలో కాగితం మీద చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడా వదలకండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి.

చేరాక ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రతి కేసుకు ఒక పేజీ: మొదటి రోజు నేను ఏమవుతుందనుకున్నాను, ఏ తేదీకి, నిజంగా ఏమైంది. హ్యాండ్‌లో ఆ పేజీ పది రోజుల్లో నిండుతుంది. పిల్లల విభాగంలో ఏడాది పడుతుంది, అందుకే అక్కడ ఆ తేదీని ఎనిమిది వారాలకే పెట్టండి.